మీకు తెలుసా? పలమనేరు దాటితే ‘ఊట’ భోజనమవుతుంది

చిత్తూరు నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుని పలమనేరు మీదుగా నంగిలి దాటారంటే, అక్కడ మిమ్మల్ని ‘ఊట ఆయ్తా?’ అని పలకరిస్తారు. బావిలో నీళ్లు ఊరాయా అని కాదు, అన్నం తిన్నారా అని. మన ‘ఊట’ నీరు ఊరడం నుంచి పుట్టింది. కన్నడ ‘ఊట’ తినడమనే అర్థమున్న ‘ఉణ్ణు’ నుంచి పుట్టింది. పుట్టిళ్లు వేరు, రూపం ఒక్కటే. కన్నడంలో ‘హల్లు’ అంటే పన్ను. అక్కడ పాత పకారం హకారమైంది కాబట్టి పాలు ‘హాలు’ అయినట్టే పల్లు ‘హల్లు’ అయింది. మన బడిపిల్లలు దిద్దే హల్లు పాణిని వ్యాకరణంలోని ‘హల్’. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

నగరి, సత్యవేడు వైపు వస్తే వరస తమిళానిది. అక్కడ ‘కాదు’ అంటే చెవి. ‘నల్ల’ అంటే మంచి. నాగుపాముకు తమిళులు పెట్టుకున్న పేరు ‘నల్ల పాంబు’, అంటే మంచి పాము! నువ్వుల నూనె వాళ్లకు ‘నల్లెణ్ణెయ్’. తెలుగు చెవికి అది నల్ల నూనెలా వినిపిస్తుంది గానీ, అసలు అర్థం మంచి నూనె. విశేషమేమిటంటే తెలుగులోనూ నువ్వుల నూనెకు ‘మంచినూనె’ అనే పేరుంది. మాట విడిపోయిన చోటే భావం కలిసింది.

ఈ సీమలో ఇన్ని భాషలు ఒరుసుకోవడానికి కారణం ఉంది. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలు కలిపి 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాను చేశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, బదులుగా సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. సరిహద్దు గీత ఎటు జరిగినా, రెండు భాషలూ రెండు వైపులా ఇళ్లలోనే ఉండిపోయాయి. తిరుమల గుడి గోడల మీద తమిళ, తెలుగు, కన్నడ శాసనాలు మూడూ కనిపిస్తాయి.

ఇలా భాష మారితే అర్థం మారే మాటలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ‘అవసరం’. సంస్కృతంలో అవసరమంటే తగిన సమయం, సందర్భం. హిందీ, మలయాళం ఆ దారినే పోయి దాన్ని అవకాశం అనే అర్థంలో వాడుతున్నాయి. తమిళం, కన్నడం మాత్రం సమయం మించిపోతోందన్న కంగారును పట్టుకున్నాయి. అక్కడ అవసరమంటే తొందర. ‘అవసరవే అపఘాతక్కె కారణ’ అని కర్ణాటక రోడ్ల పక్కన బోర్డులుంటాయి. తొందరే ప్రమాదానికి కారణమని దాని అర్థం. (అన్నట్టు, మన ‘ప్రమాదం’ కన్నడంలో పొరపాటు.) మనమేమో ఆ సందర్భానికి కావలసినదాన్ని పట్టుకున్నాం కాబట్టి, తెలుగులో అవసరమంటే కావలసి ఉండటం. తమిళనాడు ఆసుపత్రుల్లో ‘అవసర సికిచ్చై’ అని రాసి ఉంటే అది ప్రాణం మీదికొచ్చినవారికి చేసే వైద్యం. అదే తొందరను చెప్పడానికి మనం ‘అతి’ని ముందు చేర్చి ‘అత్యవసరం’ అనాల్సి వచ్చింది.

‘సంసారం’ ప్రయాణం కూడా ముచ్చటైనదే. హిందీలో అది లోకం, తెలుగులో కాపురం, తమిళంలో భార్య. దక్షిణానికి వచ్చేకొద్దీ అంత లోకమూ ఇంటిదాకా, చివరికి ఇల్లాలిదాకా కుదించుకుపోయింది.

ఐరోపాలోనూ ఇదే కథ. ఇంగ్లీషులో ‘గిఫ్ట్’ కానుక, జర్మన్‌లో విషం. స్వీడిష్‌లో విషమనీ అర్థముంది, పెళ్లయినవారనీ అర్థముంది. మూడూ ‘ఇవ్వడం’ నుంచే వచ్చాయి. ఇచ్చిన మందు మోతాదు విషమైంది, పిల్లనివ్వడం పెళ్లయింది. ‘బుర్రో’ స్పానిష్‌లో గాడిద, ఇటాలియన్‌లో వెన్న. ఇవి మన ఊటల్లాగా కాకతాళీయంగా కలిసిన రూపాలు.

అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం పేరు విన్న ఉత్తరాది యాత్రికుడికి మొదట తట్టేది తిట్టు, ఎందుకంటే హిందీలో ‘గాలీ’ అంటే అదే. కొండపైన ‘కళ్యాణోత్సవం’ అంటే మనకు స్వామి పెళ్లి. హిందీ ‘కల్యాణ్’ మాత్రం మేలు, సంక్షేమం.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. తమిళ, కన్నడాల్లో ‘అప్ప’ తండ్రి అయితే, తెలుగు ‘అప్పచెల్లెళ్ల’లోని అప్ప అక్క. చిత్తూరు పల్లెల్లో ‘అవ్వ’ అంటే అమ్మమ్మో నాయనమ్మో. తెలంగాణ పల్లెల్లో, ఉత్తర కర్ణాటకలో ‘అవ్వ’ అంటే కన్నతల్లి. కరీంనగర్ కోడలు చిత్తూరు అత్తగారింట్లో ‘మా అవ్వ వస్తోంది’ అందంటే, బస్టాండుకు ఎదురెళ్లినవాళ్లు తల నెరిసిన ముసలామె కోసం వెతుకుతారు.