తుపాను రాకముందే మన కర్తవ్యము

గంజాము తీరమున నివసించు మనకు ఆశ్వయుజ కార్తీకములు పండుగల మాసములే గాక తుపానుల మాసములు కూడను. 1999 అక్టోబరు 29వ తేదీన ఒడిశాను తాకిన పెనుతుపానునకు సుమారు 10,000 మంది బలియైరి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోపాల్‌పూరువద్ద తీరము దాటిన ఫైలిన్ తుపానున గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగముతో వీచినను, మృతుల సంఖ్య 100కు లోపుగనే నిలిచినది. సుమారు 10 లక్షల మందిని ముందుగనే సురక్షిత స్థలములకు తరలించుటయే ఇందులకు ముఖ్యకారణము.

తుపానున గాలికంటె నీరు ఎక్కువ ప్రాణాంతకము. గాలి త్రోపుడుకు సముద్రము ఉప్పెనయై పల్లపు నేలలపై పడును. కావున తీరప్రాంతమువారు, పూరిండ్లవారు అధికారులు చెప్పినంతనే పగటివేళనే ఆశ్రయభవనమునకు చేరవలెను. గాలి హెచ్చిన పిదప బయలుదేరుట అపాయకరము.

వాతావరణ శాఖవారు సాధారణముగా 48 గంటలకు ముందే ప్రజలను అప్రమత్తులను చేయుదురు. ఆ వ్యవధిలో అటుకులు, బెల్లము, మందులు, మూతగల పాత్రలలో త్రాగునీరు, టార్చిలైటు, రేడియో సిద్ధపరచుకొనవలెను. రేషను కార్డు, చదువు పత్రములు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచవలెను. పెరటిలోని ఎండుకొమ్మలను నరికించి, పశువుల పలుపులు విప్పవలెను. గాలి మొదలగుటకు ముందే విద్యుత్తు మెయిన్ స్విచ్చి ఆపవలెను.

నడుమ గాలి హఠాత్తుగా ఆగి, ఆకాశము తేటపడవచ్చును. అది తుపాను కన్ను మనమీదుగా సాగుట మాత్రమే. కొంతసేపటికే ఎదురు దిక్కునుండి గాలి మరల విజృంభించును. తుపాను పూర్తిగా దాటినదని రేడియో చెప్పువరకు ఎవరును వెలుపలికి పోరాదు. పిదప తెగిపడిన తీగలను తాకరాదు. నీటిని కాచియే త్రాగవలెను.

విద్యార్థులారా! ఇచట హెచ్చరికలు తరచుగా ఒడియాలో వెలువడును. మన ఇండ్లలో తెలుగు తప్ప వేరొండు భాష చదువలేని అవ్వలు, తాతలు కలరు. రెండు భాషలు నేర్చిన మీరే ఆ హెచ్చరికను తెలుగున వారికి వినిపించి, అర్థమైనదో లేదో అడిగి తెలిసికొనుడు. ఇరుగుపొరుగున ఒంటరిగా నున్న వృద్ధులకును తెలియజేయుడు. మాట సకాలమున చేరినగాని మనిషి సకాలమున కదలజాలడు.