పెట్రోలు ఆవిరి దారిలో లీకు: దానిని కనుగొను విధము

పెట్రోలు మండుటకు పూర్వమే గాలిలో కలసిపోవు స్వభావము గల ద్రవము. వెడల్పయిన పళ్లెములో పోసి ఎండలో నుంచినచో కర్పూరము వలె మనము చూచుచుండగనే హరించిపోవును. కారు టాంకిలో నున్నంత మాత్రమున దాని గుణము మారదు. కారు నడచుచున్నను, చెట్టు నీడను నిలిచియున్నను, టాంకిలోని పెట్రోలు కొంత ఆవిరియగుచునే యుండును. పూర్వపు కార్లలో ఈ ఆవిరి టాంకి మూతకున్న రంధ్రము గుండను, కార్బురేటరు గుండను యథేచ్ఛగా బయటికి పోవుచుండెడిది. కొద్దిపాటి పెట్రోలు నష్టమే గదా యని ఎవరును దానిని లెక్కచేయలేదు.

లెక్కచేయవలసిన పరిస్థితి మొదట అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రమందలి లాస్ ఏంజిలిస్ నగరమునకు కలిగినది. 1940 తరువాత ఆ నగరమును కండ్లు మండించు ఒక విధమగు మసక పొగ ఆవరింపసాగినది. అచ్చటి కాల్‌టెక్ విద్యాలయమున ఆచార్యుడగు హాగెన్-స్మిట్ 1950 దాటిన తొలి సంవత్సరములలో దాని రహస్యమును ఛేదించెను. ఇంధనపు ఆవిరులును, నత్రజని ఆక్సైడులును సూర్యరశ్మిలో సంయోగమునంది ఓజోను మున్నగు ఘాటైన వాయువులను పుట్టించుచున్నవని ఆయన నిరూపించెను. పొగగొట్టము నుండి వచ్చునది మాత్రమే గాక, ఆగియున్న కారు నుండి కంటికి కనబడక పోవు ఆవిరియు నేరస్థురాలని తేలినది. 1970వ సంవత్సరపు మోడళ్ల నుండి కాలిఫోర్నియాలోను, 1971 మోడళ్ల నుండి అమెరికా అంతటను ఈ ఆవిరిని కారులోనే బంధింపవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. పెట్రోలు ఆవిరిలో కాన్సరు కలిగించు బెంజీను గూడ నుండును గనుక, ఇంటి నంటియున్న షెడ్డులో కారు నిలుపుకొను కుటుంబమునకు ఇది సొంత ఆరోగ్య విషయము గూడ.

ఆవిరిని బంధించు పరికరము చూచుటకు అతి సామాన్యమైనది. ఒక డబ్బా, అందులో ప్రత్యేకముగా సిద్ధపరచిన బొగ్గు గుళికలు. ఈ బొగ్గు ఒక గ్రాములోని సూక్ష్మరంధ్రముల గోడలన్నియు పరచి కొలిచినచో వైశాల్యము సుమారు వెయ్యి చదరపు మీటర్లగును. టాంకి నుండి వచ్చిన ఆవిరి ఆ గోడల కంటుకొని నిలిచిపోవును. ఎంజిను నడచునపుడు కంప్యూటరు ఒక వాల్వును తెరచును. దీనిని మెకానిక్కులు పర్జ్ వాల్వు అందురు. అప్పుడు ఎంజిను పీల్పునకు బయటి గాలి బొగ్గు గుండ ప్రవేశించి, అందలి ఆవిరిని ఊడ్చికొనిపోయి ఎంజినులో మండించును. బయటి గాలి వచ్చు ద్వారమున రెండవ వాల్వు కలదు. అది వెంట్ వాల్వు. విద్యుత్తు లేనప్పుడు పర్జ్ వాల్వు మూసియుండును, వెంట్ వాల్వు తెరచియుండును. ఈ ఒక్క సంగతి మనసున నుంచుకొన్నచో తరువాత చెప్పబోవు పరీక్షలన్నియు సుబోధకములగును.

1996 మోడళ్ల నుండి అమెరికాలో ప్రతి కారును తన ఆవిరి దారిని తానే పరీక్షించుకొనవలసి వచ్చినది. వెంట్ వాల్వును మూసి, పర్జ్ వాల్వును తెరచి, ఎంజిను పీల్పుతో టాంకిలో కొద్ది శూన్యత కలిగించి, పిదప పర్జ్ వాల్వును గూడ మూసి, ఆ శూన్యత ఎంతసేపు నిలుచునో కంప్యూటరు కనిపెట్టును. కొన్ని కార్లలో ఈ పనిని చిన్న పంపు చేయును. మరికొన్నిటిలో ఎంజినును ఆపిన పిమ్మట టాంకి చల్లారుటచే కలుగు శూన్యతనే ఉపయోగింతురు. మొదట ఒక మిల్లీమీటరు వెడల్పుగల రంధ్రమును పసిగట్టిన చాలుననిరి. 2000 మోడళ్ల నుండి క్రమముగా అర మిల్లీమీటరు రంధ్రమును గూడ పట్టవలెననిరి. వరుసగా రెండు ప్రయాణములలో లోపము కనబడినచో డాష్‌బోర్డుపై 'చెక్ ఎంజిన్' దీపము వెలుగును. ఆ దీపము వెలుగుచున్నంత కాలము, తనిఖీ నియమమున్న రాష్ట్రములలో కారు ఉత్తీర్ణము కాదు. అమెరికాలో కాపురమున్న మన తెలుగువారిలో పాతకారు కొనిన వారికి ఈ దీపముతో పరిచయము కలుగుట అరుదు కాదు.

ఇక అసలు విషయమునకు వత్తము. దీపము వెలిగినపుడు యంత్రము ఒక సంఖ్యను చూపును. పి-0455 అనిన పెద్ద లీకు, పి-0442 అనిన చిన్న లీకు, పి-0456 అనిన మిక్కిలి చిన్న లీకు. ఈ సంఖ్యలు శూన్యత నిలువలేదను లక్షణమును మాత్రమే చెప్పును. ఏ భాగము చెడినదో అవి ఎరుగవు. జ్వరమున్నదని చెప్పు థర్మామీటరు ఆ జ్వరము మలేరియాయో, టైఫాయిడో చెప్పదు గదా. అయినను పలుచోట్ల సంఖ్య చూచిన వెంటనే ఒక వాల్వు మార్చుట, దీపము మరల వెలిగినచో డబ్బా మార్చుట, మరల వెలిగినచో మరియొకటి మార్చుట ఆచారమైపోయినది. దీనిని మరమ్మతు అనుటకు నాకు మనసొప్పదు. యజమాని ధనముతో ఆడు జూదమిది. క్రమముగా పరీక్షించినచో ఈ దారిలోని లోపములలో పెక్కింటిని స్వల్ప వ్యయముతోనే గుర్తింపవచ్చును.

మొదట చూడవలసినది పెట్రోలు మూత. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, మూత వదులుగానుండగా కారు కిందికి దూరినవారు ఎందరో. మూత లోపలి రబ్బరు వాషరు పగిలినదా, ఎండి గట్టిపడినదా, అది ఆనుకొను అంచున తుప్పు గాని, ఇసుక గాని కలదా యని చేతితో తడవి చూడవలెను. ఇచ్చట ఒక చిక్కు కలదు. మూతను బిగించిన తక్షణమే దీపము ఆరదు. వరుసగా మూడు ప్రయాణములలో పరీక్ష సవ్యముగా జరిగిన పిమ్మటనే ఆరును. ఈ సంగతి తెలియక, మూత నిర్దోషియని తలచి మంచి భాగములను ఊడదీయుట జరుగుచుండును.

మూత బాగున్నచో, ఏ పనిముట్టును పట్టుకొనక ముందు యజమానిని ప్రశ్నింపవలెను. పెట్రోలు నింపించిన వెంటనే ఎంజిను మొరాయించి, ఆక్సిలరేటరు నొక్కినగాని అందుకొనుట లేదా? అట్లయిన పర్జ్ వాల్వు మూసికొనక నిలిచిపోయినదని అనుమానింపవచ్చును. నిండుచున్న టాంకిలోని ఆవిరి అడ్డులేక ఎంజినులోనికి జొరబడి గాలికిని పెట్రోలునకును గల పాళ్లను చెరచుచున్నదన్నమాట. పెట్రోలు బంకులో టాంకి నిండకుండగనే గొట్టము మాటిమాటికి టక్కున ఆగిపోవుచున్నదా? అట్లయిన లోపలి గాలి బయటికి పోవు దారి, అనగా వెంట్ వాల్వు గాని బొగ్గు డబ్బా గాని, మూసుకొనిపోయి యుండును. వర్షము వెలిసిన మరునాడో, చలికాలమున మాత్రమో దీపము వెలుగుచున్నచో పగిలిన రబ్బరు గొట్టమునో, నీరు చేరిన విద్యుత్ ప్లగ్గునో వెదకవలెను. లోపము కనబడిన క్షణమున టాంకిలో పెట్రోలు ఎంత, బయటి వేడిమి ఎంత, వేగమెంతయో కంప్యూటరు వ్రాసి దాచియుంచును. సంఖ్యను చెరపుటకు ముందు ఆ వివరములను కాగితముపై ఎక్కించుకొనవలెను. చెరపినచో సాక్ష్యము గూడ చెరిగిపోవును.

పర్జ్ వాల్వు పరీక్షకు యంత్రమక్కరలేదు. ఎంజిను చల్లగా నున్నపుడు నడిపించి, డబ్బా వైపు గొట్టమును వాల్వు నుండి ఊడదీసి, ఆ ద్వారమున వ్రేలుంచవలెను. తొలి క్షణములలో కంప్యూటరు సాధారణముగా దానిని తెరువదు. అయినను వ్రేలిని పీల్చుచున్నచో వాల్వు కారుచున్నదని అర్థము. అటుపిమ్మట పలువురు విస్మరించు పని ఒకటి కలదు. విప్పిన వాల్వును తెల్లకాగితముపై తట్టి చూడవలెను. నల్లని బొగ్గు నలుసులు రాలినచో అసలు రోగి డబ్బాయే. అది లోపల చితికి, నలుసులు వాల్వులో ఇరుకుకొనుచున్నవి. కొత్త వాల్వు వేసినను కొలది మాసములలో దానికిని అదే గతి పట్టును. డబ్బా చితుకుటకు ముఖ్యకారణము గొట్టము ఆగిన తరువాత గూడ "ఇంకొంచెము" అని అంచుదాక పోయించుట. ఆవిరిని పట్టుటకు పుట్టిన బొగ్గు ద్రవములో మునిగినచో పాడగును.

వెంట్ వాల్వు తరచుగా వెనుక చక్రముల చెంత నుండుటచే దుమ్ము, బురద తప్పవు. వీటితోబాటు సాలెపురుగు గూడ కలదనిన ఆశ్చర్యము కలుగవచ్చును. 2011లో మాజ్డా సంస్థ ఉత్తర అమెరికాలో సుమారు 65,000 మాజ్డా-6 కార్లను వెనుకకు పిలిపించినది. పెట్రోలు వాసనకు ఆకర్షింపబడు ఒక జాతి పసుపుపచ్చ సాలెపురుగు వెంట్ గొట్టములో గూడు అల్లుకొనుచుండెను. గాలి రాక టాంకిలో శూన్యత పెరిగి టాంకి బీటలువారవచ్చునని భయము. పురుగు దూరకుండ గొట్టములో ఒక స్ప్రింగు అమర్చిరి. అయినను 2014లో మరికొన్ని కార్లను మరల పిలిపింపవలసి వచ్చినది.

పి-0443 వంటి సంఖ్య వచ్చినచో అది విద్యుత్తు దారికి సంబంధించినది. అప్పుడు ఫ్యూజును, తీగను, ప్లగ్గును మీటరుతో చూడవలెను. గొట్టముల వెంట తిరుగుట వ్యర్థము.

ఇంతవరకు జాడ దొరకనిచో పొగ యంత్రము శరణ్యము. ఖనిజ తైలమును కాచి పుట్టించిన పొగను స్వల్పమైన ఒత్తిడితో ఆవిరి దారిలోనికి పంపి, వెంట్ వాల్వును మూసి, చీకటిలో దీపపు వెలుగుతో చూచినచో, సూదిమొనంత రంధ్రము నుండియు సన్నని పొగ తీగ లేచును. ఆ ఒత్తిడి చదరపు అంగుళమునకు ఒక పౌనులో సగము మాత్రమే యుండవలెను. టైర్లలో గాలి నింపు కంప్రెసరును ఇందుకు వాడుట కూడదు. టాంకి, డబ్బా చీలిపోవును. పొగను నెట్టుటకు గాలికి బదులు నైట్రొజను వాడుట క్షేమము. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనదగుటచే నేలనంటి ప్రాకును. దూరమున నున్న చిన్న నిప్పురవ్వ చాలును. పొగ తరచుగా కనబడు చోట్లు మూడు: మంచు కరగుటకు రోడ్లపై ఉప్పు చల్లు ప్రాంతములలో తుప్పుపట్టిన పెట్రోలు పోయు గొట్టము, టాంకిపై పంపు కూర్చుండు చోటి రబ్బరు కట్టు, గొట్టముల అతుకులు. వీటిలో రెండవదానికి చాల కార్లలో టాంకిని దింపక తప్పదు.

మన దేశమున అమ్ముడగు పెట్రోలు కార్లలోను ఈ బొగ్గు డబ్బా కలదు. మూసిన గదిలో నిలిపి కొలిచినపుడు ఆవిరి రెండు గ్రాములకు మించరాదని భారత్ స్టేజ్ నియమము. అయితే రంధ్రమును తానే వెదకుకొను ఏర్పాటు మన కార్లన్నిటిలో లేదు గనుక, ఇచ్చట నింపిన వెంటనే మొరాయింపు, గొట్టము ఆగుట, షెడ్డులో వాసన అను లక్షణములే ముఖ్యసాక్షులు.

అమెరికాలో తనిఖీకి పోవువారు ఒకటి గమనింపవలెను. ముందునాడు సంఖ్యను చెరపి దీపము ఆర్పినంత మాత్రమున పని జరుగదు. చెరపుటతో కారు చేసికొనిన స్వపరీక్షలన్నియు రద్దగును. 2001 తరువాతి కార్లకు అనేక రాష్ట్రములలో ఒక్క పరీక్ష మాత్రమే అసంపూర్ణముగా నుండవచ్చును. మరమ్మతు చేయించి, టాంకిని సుమారు సగము నింపి, రాత్రియంతయు నిలిపి, ఉదయమున చల్లని ఎంజినుతో బయలుదేరి కొన్నాళ్లు మామూలుగా నడుపుచున్నచో, ఆవిరి దారి పరీక్షను కంప్యూటరు తానే పూర్తిచేసికొనును. టాంకి నిండుగా నున్నను, దాదాపు ఖాళీగా నున్నను అది ఆ పరీక్షకు పూనుకొనదు.