కటాఫ్ తేదీ

పింఛను వ్యాజ్యాల్లో తరచూ వినబడే మాట. ఫలానా తేదీకి ముందువారు పథకం లోపల, తర్వాతివారు బయట. భోగాపురం మాజీ ఎమ్మెల్యేలకు ఈ బెడద లేదు. పునర్విభజనలో ఆ నియోజకవర్గమే రద్దయి మండలం నెల్లిమర్లలో కలిసినా వారి పింఛను హక్కు ఎక్కడికీ పోలేదు. మాజీ ఎంపీలకూ అంతే: వారి పింఛను రద్దు చేయాలన్న లోక్ ప్రహరి సంస్థ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2018లో తోసిపుచ్చింది.

అదే ఊరి బడిపంతులు సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కటాఫ్ గీత 2004 సెప్టెంబరు 1. ఆ రోజు నుంచి చేరినవారికి కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్): మూలవేతనం, డీఏల్లో 10 శాతం కోత. టీచర్ల నియామకానికి డీఎస్సీ-2003 నోటిఫికేషన్ ఆ గీతకు ముందే వచ్చింది, నియామకాలేమో 2005లో. జాప్యం సర్కారుది, నష్టం టీచరుది! సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీయే కొంప ముంచింది. కేంద్రం మాత్రం 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు 2023లో పాత పింఛను ఎంచుకునే వీలిచ్చింది. దానికీ ఆగస్టు 31 గడువు పెట్టింది.

మరి కోర్టులు? 1982లో నకారా కేసులో, పదవీ విరమణ తేదీని బట్టి పింఛనుదారులను విడదీసిన 1979 మార్చి 31 గీతను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెరిపేసింది. 1990లో కృషేణ కుమార్ కేసులో, గడువు దాటాక పీఎఫ్ నుంచి పింఛనుకు మారతామన్న రైల్వే విశ్రాంత ఉద్యోగులకు కాదంది. మొదటిది ఒకే పథకంలోని వారిని విడదీసిన గీత. రెండోది వేరే పథకం, పైగా ఎంచుకునే అవకాశం పలుమార్లు వచ్చింది. డీఎస్సీ-2003 టీచర్లకు చేరేటప్పుడు ఎంపికే లేదు. వారి వాదనకు అసలు బలం అక్కడే.