మాయాలోకమున బాలుర అంగసాధన

అక్షరాభ్యాసమునందు గురువు పిల్లవాని చేతిని పట్టి పలకపై దిద్దించును. దిద్దగా దిద్దగా చేయి తానే నేర్చును. మెదడునకు హాని కలిగి కాలుసేతులు స్వాధీనము గాని బిడ్డలకు చేయించు అంగసాధనయు నట్టిదే. ఒక్క కదలికను వందలమారులు చేసినగాని గుణము కానరాదు.

ఇట్టి రుగ్మతలలో ముఖ్యమైనది సెరిబ్రల్ పాల్సీ. దీనికిని కష్టప్రసవము, అకాలప్రసవములకును గల సంబంధమును విలియం జాన్ లిటిల్ అను వైద్యుడు 1861లో లండను వైద్యసభయందు వివరించెను. కావున దీనిని పూర్వజన్మపాప మనుట తగదు.

నా బడిలో కుడిచేయి ముడుచుకొనిపోయిన బాలుడొక డుండెను. మేలుచేయుచున్నా ననుకొని నేను దినదినము వానిచే బంతి పట్టించి, “మరల, మరల” అని గద్దించితిని. వాడు కొలదిదినములకే బడికి రాక మానెను. సోమరి యని తలంచితిని. వాని మనసును విసిగించినది నేనే యని పిదప గ్రహించితిని.

ఈ విసుగును పోగొట్టుటకే వైద్యులు తెరపై కల్పితలోకమును సృజించుచున్నారు. 2010లో మైక్రోసాఫ్టు సంస్థ విడుదల చేసిన కినెక్టు అను యంత్రము కంటికి కానరాని పరారుణకిరణములను ప్రసరింపజేసి, దూరమును గణించి, మనుష్యుని కీళ్ల స్థానములను గుర్తించెడిది. బాలుడు చేయెత్తిన తెరమీది బొమ్మయు చేయెత్తును. కొమ్మనున్న పండు కోయవలెనన్న చేయి చాపవలెను. నేడు చాపిన దూరమునకు రేపు కొంచెము చేర్చి పండును పైకి జరుపవచ్చును. పిల్లవానికి అది ఆట, వైద్యునికి సాధన.

అమెరికాలో సెరిబ్రల్ పాల్సీ గల బాలునిచే నింటెండో వారి వీ యంత్రముపై 11 పర్యాయములు ఆడింపగా, నిలుకడయు నడకయు మెరుగుపడినట్లు 2008లో ప్రకటింపబడెను. అయినను ఒక్కని వృత్తాంతము సర్వులకు ప్రమాణము గాదు.

ఇందొక చిక్కు గలదు. చేయంతయు చాపుటకు మారుగా మణికట్టు మాత్రము విదిలించి గెలుచు నేర్పు పిల్లలకు సహజము. అప్పుడు ఆట గెలుచును గాని భుజము నేర్వదు. కావున ప్రక్కన చికిత్సకు డుండితీరవలెను. యంత్రము వానికి సహాయమే గాని ప్రత్యామ్నాయము గాదు. తెరపై పండు కోసిన చేయి ఇంటియొద్ద అన్నపుముద్దను నోటి కందింపగలిగినపుడే సాధన ఫలించినట్లు.

పెద్దలారా! యంత్రము మన యూరికి రాకపోవచ్చును. దాని యుపదేశము మాత్రము రావచ్చును. మీ యింట నట్టి బిడ్డ యున్నచో శీఘ్రముగా వైద్యునికి చూపుడు. ఆయన చెప్పిన సాధనను ఆటగా మార్చి, మీరును కూర్చుండి ఆడుడు. నావలె గద్దింపకుడు.