తోమితే పోయేది మురికి కాదు, విలువ!

పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడో, అమ్మమ్మగారి భోషాణం సర్దినప్పుడో నాలుగు రాగి కాణీలు బయటపడతాయి. నల్లగా, మట్టిగొట్టుకుని ఉంటాయి. ఇల్లాలు చేసే మొదటి పని చింతపండు పెట్టి తోమడం. తళతళలాడే నాణెం చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. నాణేల సంగతి తెలిసినవారు మాత్రం తల పట్టుకుంటారు. ఏళ్ల తరబడి కాలం పట్టించిన రంగు రెండు నిమిషాల్లో వదిలిపోయింది. ఇక తిరిగి రాదు.

మన సర్కారు జిల్లాలకు రాగి నాణెంతో చుట్టరికం పాతదే. 'డబ్బు' అన్న మాటే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. 1794, 1797 సంవత్సరాలతో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో నాణేలు కొట్టించి ఓడల మీద తెప్పించింది. రూపాయికి 48 అనీ, 96 అనీ వాటి మీదే అచ్చయి ఉంటుంది. 1803లో 10, 20 కాసుల నాణేలు వచ్చాయి. 1835లో కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే తీరు కాణీ వచ్చింది. కాణీ అంటే పావు అణా, రూపాయిలో 64వ వంతు.

అరుగుదల చూడటం ఎలా?

1835 కాణీకి ఒకవైపు కంపెనీ చిహ్నం, డాలుకు అటూ ఇటూ రెండు సింహాలు, కింద సంవత్సరం ఉంటాయి. రెండోవైపు ఆకుల దండ మధ్య విలువ రాసి ఉంటుంది. చేతులు మారేకొద్దీ ముందుగా అరిగేది ఎత్తుగా ఉన్న చోటు. సింహాల తల, తొడ, డాలు మీద గీతలు విడివిడిగా కనిపిస్తే మేలురకం. ఆకారం మిగిలి గీతలు చెరిగిపోతే మధ్యరకం. సంవత్సరం కూడా తడుముకోవలసి వస్తే నాసిరకం.

తూకమూ చూడాలి. కొత్తలో ఈ కాణీ 100 గ్రెయిన్లు, అంటే దాదాపు ఆరున్నర గ్రాములు. అరిగితే కాస్త తగ్గుతుంది గాని సగానికి సగం తగ్గదు. 1906 నుంచి కాణీలను కంచుతో చేశారు. అవి అయిదు గ్రాముల లోపే తూగుతాయి.

అమెరికాలో విలియం షెల్డన్ 1949లో అక్కడి పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టారు. నేడు అన్ని రకాల నాణేలకూ దానినే వాడుతున్నారు.

రంగు చెప్పే నిజం

టంకశాల నుంచి వచ్చిన రాగి ఎర్రగా మెరుస్తుంది. గాలి, చెమ్మ, చేతి చెమట తగిలి క్రమంగా గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. అందుకే రాగి నాణేలను ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని మూడు తరగతులు చేస్తారు. పాత నాణెంలో అసలు ఎరుపు నిలవడం అరుదు గనుక దానికే గిరాకీ.

ఆ ఎరుపు అసలుదో కాదో తేల్చడానికి ఒక్క లెక్క చాలు. అరిగిన నాణెం నిండా ఎర్రగా ఉండదు. సహజమైన ఎరుపు అక్షరాల సందుల్లో, చేయి తగలని చోట మిగులుతుంది. ఎత్తులు గోధుమరంగుకు తిరుగుతాయి. సింహం ముఖం అరిగిపోయి కూడా నాణెమంతా మెరుస్తున్నదంటే ఎవరో తోమారన్నమాటే. వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. అసలు మెరుపు చక్రంలా తిరుగుతుంది. తోమిన మెరుపు కదలదు, సన్నని గీతలు కనిపిస్తాయి.

పచ్చ అంతా చెడ్డది కాదు. గట్టిగా, నున్నగా అతుక్కున్న పచ్చ పొర నాణేన్ని కాపాడుతుంది. గోటికి రాలే లేతపచ్చ పొడి మాత్రం రోగం. చెమ్మ తగిలితే అది లోపలికి తినేస్తుంది. అలాంటి నాణేన్ని వేరుచేసి పొడిగా ఉంచాలి.

మట్టి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, రుద్దకుండా ఆరబెట్టండి. అంచులు పట్టుకునే చూడండి. పొడి కాగితపు కవరులో దాచండి.

మోసపోవద్దు

రాముడు, సీత, హనుమంతుడి బొమ్మలతో 1818 అని వేసిన 'కంపెనీ నాణేలు' సంతల్లో తిరుగుతుంటాయి. కంపెనీ అలాంటి నాణేలు కొట్టలేదు. బియ్యాన్ని లాగే రాగి నాణెం కోట్లు పలుకుతుందంటూ పొలాలు అమ్మించినవారూ ఉన్నారు. రాగి ఇనుమునే లాగదు, బియ్యాన్ని ఏం లాగుతుంది? పాత నాణేలు కొంటామని తన పేరు చెప్పి రుసుము అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో ప్రకటించింది.

ఇంకొక మాట. పొలం దున్నుతుంటే నాణేల కుండ దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దాచిపెడితే నేరం.

అమ్మే ఉద్దేశం ఉన్నా లేకపోయినా, ఆ నల్లని కాణీని అలాగే ఉండనివ్వండి. మన ముత్తాతల చేతి వెచ్చదనం ఆ రంగులోనే ఉంది.