గుండెలో ఒత్తిడి కొలిచే తీగ

కోల్‌కతాకు నది అవతల, హౌరా స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంటుంది టికియాపారా. అక్కడి రైల్వే కోచింగ్ డిపోలో బండి కదిలేముందు బ్రేకు పైపు పరీక్ష తప్పదు. ఇంజిన్ దగ్గర గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోలుంటే, చిట్టచివరి పెట్టెలోనూ ఇంచుమించు అంతే చూపించాలి. బాగా పడిపోతే మధ్యలో ఏదో తేడా ఉన్నట్టే. పైపును పైపైన చూసి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

గుండె విషయంలో మాత్రం వైద్యులు చాలాకాలం చూపునే నమ్ముకున్నారు. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ కరోనరీ యాంజియోగ్రామ్‌కు దారి వేశాక, తెరమీద నాళం నీడ చూసి ‘70 శాతం బ్లాక్’ అనడం అలవాటైంది. నీడ నాళం వెడల్పును చూపిస్తుందే కాని రక్తం ఎంత పారుతోందో చెప్పదు.

1974లో అమెరికన్ వైద్యుడు లాన్స్ గౌల్డ్ కుక్కల గుండెనాళాలను కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రవాహం కొలిచాడు. విశ్రాంతివేళ నాళం వ్యాసం సుమారు 85 శాతం మూసుకుపోయేదాకా ప్రవాహం తగ్గలేదు. రక్తం ఉరకలెత్తాల్సినప్పుడు మాత్రం సగం ఇరుకు కాకముందే తగ్గుదల మొదలైంది. ఆరోగ్యమైన గుండె అవసరమైతే మామూలుకు 3, 4 రెట్లు రక్తం తెచ్చుకోగలదు. ఆ సత్తువ పేరే కరోనరీ ఫ్లో రిజర్వు. కూర్చున్నప్పుడు హాయిగా ఉన్న మనిషికి మెట్లెక్కితే ఛాతీనొప్పి రావడం ఇది తరిగినందువల్లే.

దీన్ని రోగిలో కొలవడమెలా? 1984లో అయోవాలో కార్ల్ వైట్ బృందం ఆపరేషన్ సమయంలో గుండెమీద రక్తవేగాన్ని కొలిచే డాప్లర్ సాధనం పెట్టి చూసింది. యాంజియోగ్రామ్ అంచనాకూ అసలు ప్రవాహానికీ పొంతన కుదరలేదు. కొలత కోసం అందరి ఛాతీ తెరవలేం కదా. తర్వాత నాళంలోకే పంపే డాప్లర్ తీగలు వచ్చాయి. అయితే గుండె వేగం, రక్తపోటు మారితే ఆ కొలతా మారేది.

నెదర్లాండ్స్‌కు చెందిన నికో పేల్స్, బెల్జియంకు చెందిన బెర్నార్డ్ డి బ్రుయిన్ 1993లో రక్తవేగాన్ని వదిలి ఒత్తిడిని పట్టుకున్నారు. 0.36 మిల్లీమీటర్ల మందం తీగ, కొన దగ్గర ఒత్తిడి కొలిచే సెన్సరు. అడెనోసిన్ మందుతో నాళాలను విప్పారజేసి, బ్లాక్ దాటాక ఉన్న ఒత్తిడిని బ్లాక్‌కు ముందున్న ఒత్తిడితో భాగిస్తారు. ముందు 100, దాటాక 70 అయితే 0.70. ఈ నిష్పత్తే ఎఫ్‌ఎఫ్‌ఆర్, అంటే ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వు. 0.80 గాని అంతకు తక్కువ గాని వస్తే నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్ గురించి ఆలోచిస్తారు.

2009లో వెలువడిన ఫేమ్ పరిశోధన 1,005 మందితో దీన్ని నిగ్గుతేల్చింది. యాంజియోగ్రామ్ మాత్రమే చూసినచోట మనిషికి సగటున 2.7 స్టెంట్లు పడ్డాయి, కొలిచినచోట 1.9. ఏడాదిలో మరణం, గుండెపోటు లేదా మళ్లీ చికిత్స అవసరమైనవారు మొదటి గుంపులో 18.3 శాతం, రెండో గుంపులో 13.2 శాతం. 2012లో అడెనోసిన్ అక్కర్లేని ఐఎఫ్‌ఆర్ పద్ధతీ వచ్చింది.

తీగకూ హద్దులున్నాయి. పెద్ద నాళంలో నిష్పత్తి బాగున్నా, కంటికి ఆనని చిన్న నాళాలు దెబ్బతింటే ఫ్లో రిజర్వు పడిపోవచ్చు. అప్పుడు ప్రవాహాన్నీ కొలవాలి.

హైదరాబాద్‌లో గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి స్టెంట్‌ను చవక చేసే పనికి పూనుకున్నారు. ఎంత చవకైనా, అక్కర్లేని స్టెంట్ దండగే. గుండెపోటు వచ్చిన క్షణాన ఆలస్యం చేయకండి. తీరిక ఉన్నప్పుడు, బ్లాక్ మధ్యస్థంగా ఉందన్నప్పుడు మాత్రం ‘ఎంత శాతం?’ అనడంతో ఆగకుండా ‘ఒత్తిడి కొలిచారా డాక్టరుగారూ?’ అని కూడా అడగండి.