హీటర్ రాడ్ పెడితే ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎందుకు కరుగుతుంది? వోల్ట్స్, ఆంప్స్‌తో చిన్న లెక్క

హాస్టళ్ళలో, బ్యాచిలర్ రూముల్లో ఉండేవాళ్ళు ఇవాళ్టి ఎపిసోడ్ మాత్రం స్కిప్ చేయకండి. చలికాలం వచ్చిందంటే బకెట్లో హీటర్ రాడ్ పెడతాం కదా. అదే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఫోన్ ఛార్జర్ కూడా ఉంటుంది. కొన్నాళ్ళకి చూస్తే రాడ్ ప్లగ్గు పెట్టిన చోట ప్లాస్టిక్ నల్లబడి, కొద్దిగా కరిగి ఉంటుంది. పక్కనే ఛార్జర్ పెట్టిన సాకెట్ కొత్తదానిలా ఉంటుంది. ఎందుకు? టెన్త్‌లో చదివిన రెండు లెక్కలతో తేలిపోతుంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి.

మొదటిది పవర్. వోల్ట్స్‌ని ఆంప్స్‌తో గుణిస్తే వాట్స్ వస్తాయి. మీ ఛార్జర్ మీద చీమల్లాంటి అక్షరాలు ఉంటాయి చూడండి, అవుట్‌పుట్ 5 వోల్ట్స్, 2 ఆంప్స్ అని. అంటే 10 వాట్స్. రెండోది రెసిస్టెన్స్, మన పుస్తకంలో నిరోధం అన్నారు. వోల్ట్స్‌ని ఆంప్స్‌తో భాగిస్తే ఓమ్స్. జర్మనీలో జార్జ్ సైమన్ ఓమ్ 1827లో పుస్తకం వేసి మరీ చెప్పిన సంగతి ఇది. ఆయన పేరే యూనిట్‌కి పెట్టారు.

ఇప్పుడు రాడ్ దగ్గరికి వద్దాం. దాని మీద 1500 వాట్స్ అని ఉంది. మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్ట్స్. 1500ని 230తో భాగిస్తే 6.5 ఆంప్స్. ఆ 6.5తో 230ని మళ్ళీ భాగిస్తే సుమారు 35 ఓమ్స్, అది రాడ్ రెసిస్టెన్స్. మామూలు చిన్న సాకెట్ మీద ఏం రాసుంటుంది? 6 ఆంప్స్ అని. అంటే రాడ్ పెట్టగానే గీత దాటేశాం. పెద్ద పిన్నుల ప్లగ్గుని చిన్న సాకెట్లో దూర్చడానికి కన్వర్టర్ ప్లగ్గులు అమ్ముతారు చూశారా, అవి పిన్ను సైజునే మారుస్తాయి గానీ వెనకాల ఉన్న వైరు సైజుని మార్చవు.

సరే, అర ఆంప్ ఎక్కువైతేనే కరిగిపోతుందా అంటే, అసలు కథ అక్కడ లేదు. ప్లగ్గు పిన్ను లూజుగా ఉందనుకోండి. పిన్నుకీ లోపలి రేకుకీ మధ్య అర ఓమ్ రెసిస్టెన్స్ చేరింది. 35 ముందు అర ఎంత, కరెంట్ దాదాపు అంతే పోతుంది, నీళ్ళు మామూలుగానే కాగుతాయి, మీకు తేడా తెలియదు. కానీ ఆ లూజు చోట 6.5 ఇంటూ 0.5, అంటే 3 వోల్ట్స్ పైగా ఆగిపోతున్నాయి. వాటిని మళ్ళీ 6.5తో గుణించండి. 21 వాట్స్! (చాలామంది ఇక్కడ 230 పెట్టేస్తారు. వద్దు, ఆ లూజు చోట పడే వోల్ట్స్ మాత్రమే తీసుకోవాలి.) సెల్ రిపేర్ షాపుల్లో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్స్ ఉంటుంది, సీసాన్ని కరిగిస్తుంది. దాదాపు అంత వేడిని ప్లాస్టిక్ బాక్సులో పెట్టి మనం క్లాసుకి రెడీ అవుతున్నాం అన్నమాట.

అదే లూజు సాకెట్లో 10 వాట్స్ ఛార్జర్ పెడితే? గోడ నుంచి అది లాగేది సుమారు 0.04 ఆంప్స్. లెక్క వేస్తే వేడి ఒక వాట్‌లో వెయ్యో వంతు. లూజు ఒకటే, ఫలితం వేరు. ఎందుకంటే ఈ వేడి లెక్కలో ఆంప్స్ రెండుసార్లు గుణించాం. కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఫాస్ట్ ఛార్జర్లు ఆంప్స్ పెంచే బదులు 9 వోల్ట్స్‌కి వెళ్ళడం కూడా ఇందుకే. అదే 2 ఆంప్స్‌తో 18 వాట్స్ పంపొచ్చు, సన్నటి కేబుల్ వేడెక్కదు.

ఇంకో డౌట్ ఉంటుంది. ఊళ్ళో లో వోల్టేజ్ ఉంటే బిల్లు తగ్గుతుందా? 180 వోల్ట్సే వస్తోంది అనుకోండి. రాడ్ రెసిస్టెన్స్ అదే 35. కరెంట్ 5.1 ఆంప్స్, పవర్ 920 వాట్స్ దగ్గర. పదిహేను లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 45కి రావడానికి 230 దగ్గర 14 నిమిషాలైతే, ఇక్కడ 23 నిమిషాలు. రెండు చోట్లా ఖర్చయ్యేది 0.35 యూనిట్టే. మీటర్‌కి తేడా లేదు, స్నానానికే లేటు.

ఈ లెక్క పొలంలో మోటారుకి మాత్రం పెట్టకండి. మోటారు ఉత్త రెసిస్టెన్స్ కాదు. వోల్టేజ్ తగ్గితే నీళ్ళు తోడే బరువు తగ్గదు కాబట్టి అది ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. లో వోల్టేజ్‌లో మోటారు వేయొద్దని నాన్నలు అరిచేది అందుకే.

ఇక రాడ్‌కి వస్తే, 16 ఆంప్స్ పెద్ద సాకెట్ ఉంటే నేరుగా దానికే పెట్టండి, మధ్యలో బాక్స్ వద్దు. వాడాక స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు పైభాగం పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ మార్చాల్సిందే. నీళ్ళు కాగాయో లేదో చూసేటప్పుడు కూడా స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకాకే వేలు ముంచండి.